వెన్నుపాము గాయానికి పరిహారం: సంతకానికి ముందు ఒక రోజు జీవితాన్ని లెక్క రాయండి

మీ తమ్ముడికి 29 ఏళ్లని, నాలుగు నెలల క్రితం అతని వాహనాన్ని వెనుక నుంచి మరో వాహనం ఢీకొట్టడంతో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నదని, అది సీ-6 స్థాయి (మెడ భాగపు వెన్నుపాములో ఆరో స్థాయి) గాయమనీ ‘బి’ శ్రేణికి చెందినదనీ వైద్యులు నమోదు చేశారని రాశారు. ఎదుటివారి బీమా సంస్థ ఇప్పటివరకు అయిన ఆసుపత్రి ఖర్చుకు రెండేళ్ల జీతం కలిపి ఒకే మొత్తంగా ఇస్తామంటూ, 30 రోజుల్లోగా సంతకం చేసి పంపమన్నదని కూడా చెప్పారు. ఆ మొత్తం న్యాయమైనదేనా, కాకపోతే న్యాయమైన మొత్తాన్ని ఎలా లెక్క కడతారు అన్నది మీ ప్రశ్న.

ముందు సమాధానం చెప్పి, తర్వాత కారణాలు వివరిస్తాను. ఆ కాగితం మీద ఇప్పుడు సంతకం చేయకండి. అందులో ఎంత మొత్తం రాసి ఉన్నా నేను ఇదే చెప్పేవాణ్ణి, ఎందుకంటే మీ తమ్ముడి మిగిలిన జీవితానికి ఏమేమి కావాలో నాలుగో నెలలో వైద్యులే పూర్తిగా చెప్పలేరు. అలాంటి కాగితాల్లో దాదాపు ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది: ఈ సొమ్ము పుచ్చుకున్నాక ఈ ప్రమాదానికి సంబంధించి ఇక ఏ హక్కూ కోరబోమని. రేపు మరో శస్త్రచికిత్స అవసరమైనా, పదేళ్ల తర్వాత చూసుకునే మనిషి లేకపోయినా, ఆ వాక్యం మీద సంతకం ఉంటే తలుపు మళ్లీ తెరుచుకోదు. ఇరవై ఏళ్లకు పైగా వెన్నుపాము గాయాల దావాలే నా ప్రధాన వృత్తి. ఓడిపోయిన కేసుల కంటే, తొందరపడి చేసిన రాజీల వల్ల చితికిపోయిన కుటుంబాలనే నేను ఎక్కువగా చూశాను.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. ఈ విషయంలో చట్టం దేశానికో తీరుగా ఉంటుంది కనుక, ఎక్కడైనా పనికివచ్చే పద్ధతిని చెబుతూ, అవసరమైన చోట వేర్వేరు దేశాల నిబంధనలను ఉదాహరణగా చూపుతాను. అయితే ఒక్క విషయం మాత్రం ఈ వారంలోనే మీ దేశపు న్యాయవాదిని అడిగి, రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అది దావా వేయడానికి ఉన్న కాలపరిమితి. ఇంగ్లండ్‌లో 1980 నాటి చట్టం ప్రకారం శారీరక గాయాల దావాకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంది. భారతదేశంలో మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయాలన్న నియమాన్ని తెచ్చింది. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో గడువు. రోడ్డు లోపమో, ప్రభుత్వ వాహనమో కారణమైతే ప్రభుత్వానికి అంతకంటే ముందే నోటీసు ఇవ్వాలన్న షరతు చాలా చోట్ల ఉంటుంది. న్యూజిలాండ్‌లో 1974 నుంచి పరిస్థితి పూర్తిగా వేరు: అక్కడ ఎవరి తప్పు అన్నదానితో పనిలేకుండా ప్రభుత్వ బీమా పథకమే చికిత్సకూ పునరావాసానికీ చెల్లిస్తుంది, దానికి బదులుగా గాయానికి పరిహారం కోరుతూ దావా వేసే హక్కు ఉండదు. బీమా సంస్థ ఇచ్చిన 30 రోజులు ఆ సంస్థ పెట్టుకున్న గడువు. దాన్ని దాటితే పోయేది ఈ ఒక్క ప్రతిపాదన మాత్రమే. చట్టం పెట్టిన గడువు దాటితే హక్కే పోవచ్చు. ఈ రెండింటినీ కలిపి చూసి భయపడి సంతకాలు చేసినవారిని చూశాను కనుక ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక నాలుగు నెలలు ఎందుకు చాలవో చెబుతాను. వెన్నుపాము గాయాన్ని ప్రపంచమంతటా అమెరికన్ స్పైనల్ ఇంజరీ అసోసియేషన్ రూపొందించిన ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు ఉన్న ఐదు శ్రేణుల్లో వర్గీకరిస్తారు. శరీరానికి ఇరువైపులా పది ముఖ్య కండరాల బలాన్ని సున్నా నుంచి ఐదు వరకు మార్కులతో, ఒక్కో వైపు 28 చోట్ల స్పర్శనూ సూదిమొన గుర్తింపునూ పరీక్షించి ఆ శ్రేణిని నిర్ణయిస్తారు. ‘ఎ’ అంటే వెన్నుపాము చిట్టచివరి భాగంలో, అంటే మలద్వారం పరిసరాల్లో, స్పర్శ గానీ కదలిక గానీ మిగలని పూర్తి గాయం. మీ తమ్ముడిది ‘బి’ అన్నారంటే అక్కడ స్పర్శ మిగిలి ఉంది, గాయానికి దిగువన కండరాలను కదిలించే శక్తి మాత్రం కనిపించడం లేదు. ఈ తేడా చిన్నదిగా అనిపించవచ్చు గానీ, ‘బి’ శ్రేణిలో ఉన్నవారిలో కొంత కదలిక తిరిగి వచ్చే అవకాశం ‘ఎ’ శ్రేణిలో ఉన్నవారికంటే చెప్పుకోదగినంత ఎక్కువ. ఆ మెరుగుదల చాలావరకు తొలి ఏడాదిలో కనిపిస్తుంది, కొందరిలో రెండో ఏడాది కూడా నెమ్మదిగా సాగుతుంది. అందువల్ల పన్నెండో నెలకు ముందు ఎవరైనా శాశ్వత వైకల్యపు లెక్క చెబితే దాన్ని తాత్కాలిక అంచనాగానే చూడాలి. గాయమైన తొలి గంటల్లో వెన్నుపాము స్తంభించిపోయి ఉంటుంది కనుక, 72 గంటల తర్వాత చేసిన పరీక్ష భవిష్యత్తును అంచనా వేయడానికి మరింత నమ్మదగినదని భావిస్తారు. ఆ పరీక్ష పత్రం మీ ఫైలులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆసుపత్రి రికార్డుల విభాగాన్ని లిఖితపూర్వకంగా అడిగి తీసుకోండి.

కోలుకోవడం ఒక వైపైతే, కాలం గడిచాక వచ్చే చిక్కులు మరో వైపు. గాయమైన చోట వెన్నుపాములో నీటితిత్తి లాంటిది ఏర్పడి, అది నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో పైకి పాకి, అప్పటికి పనిచేస్తున్న చేతుల శక్తిని కూడా హరించవచ్చు. మూత్రకోశం, మూత్రపిండాలు జీవితాంతం పరీక్షలు కోరుతాయి. చక్రాల కుర్చీని ఏళ్ల తరబడి చేతులతో తోసుకునేవారికి భుజాలు అరిగిపోవడం సర్వసాధారణం, అప్పుడు మామూలు కుర్చీ నుంచి మోటారు కుర్చీకి మారాలి. ఇంగ్లండ్ లాంటి కొన్ని చోట్ల, నిర్దిష్టమైన ఒక చిక్కు భవిష్యత్తులో నిజంగా ఎదురైతే మళ్లీ కోర్టుకు వచ్చే హక్కును అట్టిపెట్టుకుంటూ పరిహారం తీసుకునే వీలుంది. అది కోరకుండానే సంతకం చేసేస్తే ఆ వీలు ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కుటుంబాలు సాధారణంగా ఆసుపత్రి బిల్లుల కట్టను ముందు పెట్టుకుని లెక్క మొదలుపెడతాయి. బీమా సంస్థకు కూడా కావలసింది అదే, ఎందుకంటే బిల్లులు ముగిసిపోయిన ఖర్చు, వాటికి ఒక హద్దు ఉంది. 29 ఏళ్ల వ్యక్తి విషయంలో పరిహారంలో అత్యధిక భాగం సాధారణంగా సంరక్షణది, అంటే మరో మనిషి చేతులు ఎన్ని గంటలు కావాలి, ఎన్నేళ్లు కావాలి అన్నదానిది. ఆ గంటలను నిరూపించేది ఏ బిల్లూ కాదు. ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో చెప్పే వివరమైన రాత. అందుకే నా దగ్గరకు వచ్చిన ప్రతి కుటుంబాన్నీ మొదట అడిగేది, ఒక నోటుపుస్తకం కొని రెండు వారాల పాటు ఇరవై నాలుగు గంటల లెక్క రాయమని.

ఆ పుస్తకంలో ఏముండాలో మీ తమ్ముడి గాయం స్థాయినిబట్టి చెబుతాను. సీ-6 స్థాయిలో భుజాలు, మోచేతిని వంచే కండరాలు, మణికట్టును పైకి ఎత్తే కండరాలు సాధారణంగా పనిచేస్తాయి; మోచేతిని చాచే కండరం, వేళ్ల పట్టు ఉండవు. మణికట్టు ఎత్తినప్పుడు వేళ్లు తమంతట తామే కొద్దిగా ముడుచుకుంటాయి, ఆ బలహీనమైన పట్టుతో చెంచానో పెన్నునో ప్రత్యేక పట్టీల సాయంతో వాడటం నేర్చుకుంటారు. కానీ మోచేతిని చాచే బలం లేకపోవడంతో మంచం మీద నుంచి కుర్చీలోకి తనను తాను ఎత్తుకుని మారడం చాలా కష్టం. కనుక పొద్దున లేచినప్పుడు మంచం నుంచి కుర్చీలోకి మార్చడానికి ఎందరు కావలసి వచ్చింది, ఎంతసేపు పట్టింది అన్నది మొదటి పద్దు. మూత్రాన్ని కాథెటర్‌తో, అంటే మూత్రకోశంలోకి పంపే సన్నని గొట్టంతో, తీసే పద్ధతిలో ఉంటే అది సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి జరగాలి, అంటే అర్ధరాత్రి కూడా ఒకసారి ఎవరో ఒకరు లేవాలి. మలవిసర్జన కోసం ప్రతిరోజూ గానీ రోజు విడిచి రోజు గానీ ఒక క్రమాన్ని పాటించాలి, దానికి అరగంట నుంచి గంట, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పడుతుంది. ఈ సంగతులు రాయడానికి మీకు సంకోచం కలుగుతుంది, చెప్పడానికి మీ తమ్ముడికి అంతకంటే ఎక్కువ బాధ కలుగుతుంది. ఆ బాధను నేను గౌరవిస్తాను. అయినా రాయండి. న్యాయమూర్తికీ ట్రిబ్యునల్‌కూ ఈ జీవితం గురించి ముందే తెలిసి ఉంటుందని అనుకోవద్దు.

చర్మం సంగతి విడిగా రాయాలి. స్పర్శ తగ్గిన చోట ఒత్తిడి పడినా నొప్పి తెలియదు కనుక, కుర్చీలో ఉన్నప్పుడు పావుగంటకో అరగంటకో ఒకసారి బరువును పక్కకు మార్చాలి, పడుకున్నప్పుడు సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ ఆ వ్యవధిని చర్మం తట్టుకునే కొద్దీ పెంచుతారు. రాత్రి ఎన్నిసార్లు లేచి తిప్పారో, ఎవరు లేచారో, మళ్లీ ఎప్పుడు నిద్రపోయారో రాయండి. దగ్గు బలహీనంగా ఉంటుంది, ఎందుకంటే ఊపిరి తీసే ముఖ్య కండరం పనిచేస్తున్నా పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు పనిచేయవు. కఫం వచ్చినప్పుడు పొట్ట మీద నొక్కి దగ్గించవలసి వస్తే అది కూడా రాయండి. చెమట పట్టే వ్యవస్థ దెబ్బతినడంతో శరీరం తన వేడిని తాను అదుపు చేసుకోలేదు కాబట్టి గదిని చల్లగానో వెచ్చగానో ఉంచే యంత్రం ఇలాంటి వ్యక్తికి వైద్య అవసరమే. దాన్ని కోరితే సుఖం కోసమని ఎదుటిపక్షం వాదిస్తుంది, వైద్యుడి చేత ముందే రాయించుకోండి.

వీటన్నింటికంటే ముఖ్యమైనది, చాలామంది న్యాయవాదులు కూడా విస్మరించేది, ఇంకొకటి ఉంది. ఛాతీలో ఆరో వెన్నుపూస స్థాయిలో గానీ అంతకు పైన గానీ గాయమైనవారికి, మూత్రకోశం నిండిపోవడం, కాథెటర్ మడత పడటం, మలబద్ధకం, బిగుతైన బట్ట, గోరు చుట్టు లాంటి చిన్న కారణానికే రక్తపోటు ఒక్కసారిగా పెరిగిపోవచ్చు. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, గాయానికి పైభాగాన చెమటలు దాని గుర్తులు. ఇలాంటివారి మామూలు రక్తపోటు 90 నుంచి 110 మధ్యే ఉండవచ్చు కనుక, ఇతరులకు సాధారణంగా కనిపించే 140 కూడా వీరికి ప్రమాద సూచనే. వెంటనే కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, కారణాన్ని కనిపెట్టి తొలగించకపోతే మెదడులో రక్తస్రావం వరకు పోవచ్చు. దీని వల్ల పరిహారం లెక్క మారిపోతుంది. చూసుకునే వ్యక్తి బరువులు ఎత్తగలిగితే చాలదు, ఈ గుర్తులను గుర్తుపట్టగల శిక్షణ ఉన్నవారై ఉండాలి, అలాంటివారు రాత్రి కూడా పిలిస్తే పలికే దూరంలో ఉండాలి. అంటే రోజుకు రెండు పూటలు వచ్చి వెళ్లే మనిషికీ, ఎల్లవేళలా అందుబాటులో ఉండే శిక్షితులకూ మధ్య ఉన్న మొత్తం తేడాను కోరడానికి ఈ ఒక్క కారణమే తగినంత వైద్యపరమైన ఆధారం కాగలదు.

నేను చేసిన ఒక తప్పు ఇక్కడ చెప్పక తప్పదు. వృత్తిలోకి వచ్చిన తొలి రోజుల్లో ఒక మెడ గాయం కేసులో పగటి సంరక్షణను గంటలతో సహా నిరూపించాను గానీ, రాత్రి సంగతి వేరుగా అడగలేదు. తల్లి పక్కనే పడుకుంటుంది కదా అని కుటుంబమూ అనుకుంది, నేనూ అనుకున్నాను. రాజీ ముగిసిన కొన్నేళ్లకు ఆ తల్లి ఆరోగ్యం దెబ్బతిన్నది. రాత్రికి మనిషిని పెట్టుకోవడానికి ఆ కుటుంబం పగటికి వచ్చిన సొమ్మునే కోసుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి కేసులోనూ నేను మొదట అడిగే ప్రశ్న రాత్రి గురించే.

అందుకే మీకూ చెబుతున్నాను: మీరో, మీ అమ్మగారో, మీ మరదలో ప్రేమతో చేస్తున్న సేవకు వెల లేదని ఎదుటిపక్షం అనుకునేలా చేయకండి. కుటుంబ సభ్యులు ఉచితంగా చేసిన సేవకు కూడా విలువ కట్టి పరిహారం ఇవ్వాలన్నది అనేక దేశాల న్యాయస్థానాలు అంగీకరించిన సూత్రం. ఇంగ్లండ్‌లో బయటి మనిషికి ఇచ్చే వేతనం నుంచి కొంత తగ్గించి అయినా ఇస్తారు. భారత సుప్రీంకోర్టు 2020లో, పన్నెండేళ్ల వయసులో ప్రమాదానికి గురై పూర్తిగా ఇతరుల మీద ఆధారపడిన ఒక బాలిక కేసులో, సహాయకుల ఖర్చును ఏదో ఒక ఉజ్జాయింపు మొత్తంగా తేల్చివేయకుండా, సంపాదన నష్టానికి వాడే గుణకంతోనే (ఏడాది మొత్తాన్ని ఎన్ని రెట్లు చేయాలో వయసునుబట్టి చెప్పే అంకె) లెక్కించాలని చెప్పింది. మీ అమ్మగారి వయసెంతో, ఆమె ఈ పని ఎన్నేళ్లు చేయగలరో కూడా లెక్కలో ఉండాలి, ఎందుకంటే మీ తమ్ముడి అవసరం ఆమె శక్తి కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఎదుటిపక్షం నుంచి మీకు తప్పక ఎదురయ్యే వాదన ఒకటుంది: ఇంట్లో చూసుకోవడం ఖరీదు, ఏదైనా సంరక్షణ కేంద్రంలో ఉంచితే చవక, కాబట్టి ఆ చవక లెక్కే ఇస్తామని. ఈ ప్రశ్న మీద 1978లో కెనడా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవదగినది. రోడ్డు ప్రమాదంలో కాళ్లూ చేతులూ చచ్చుబడిన 21 ఏళ్ల యువకుడి కేసు అది. కింది అప్పీలు కోర్టు సంస్థలో సంరక్షణ ఖర్చును ప్రాతిపదికగా తీసుకుంటే, సుప్రీంకోర్టు దాన్ని కాదని, సొంత ఇంట్లో సంరక్షణ పొందే ఖర్చునే ఇప్పించింది. అదే తీర్పులో నొప్పికీ, జీవితంలో కోల్పోయిన ఆనందానికీ ఇచ్చే మొత్తానికి అప్పటి లెక్కలో లక్ష కెనడా డాలర్ల పరిమితి విధించింది. ఆ రెండు నిర్ణయాలూ కలిసి చెబుతున్నది నాకు సరైనదిగానే తోస్తుంది: బాధకు డబ్బుతో సమాధానం చెప్పలేం కనుక అక్కడ హద్దు పెట్టవచ్చు, సంరక్షణకు డబ్బుతో సమాధానం చెప్పగలం కనుక అక్కడ కోత పెట్టకూడదు. బాధకు ఇచ్చే మొత్తం గురించి ఇంతకంటే రాయను, ఎందుకంటే చాలా దేశాల్లో అది పట్టికల ప్రకారమో పూర్వ తీర్పుల ప్రకారమో తేలిపోతుంది, మీ శ్రమ వల్ల పెద్దగా మారదు.

పరికరాలు, ఇల్లు కూడా ఒకసారి కొని వదిలేసే ఖర్చులు కావు. చక్రాల కుర్చీ, దాని మీది ప్రత్యేక దిండు, గాలి పరుపు, ఎత్తే యంత్రం ఇవన్నీ కొన్నేళ్లకొకసారి మార్చవలసినవే, మధ్యలో మరమ్మతులు వేరు. తలుపుల వెడల్పు, స్నానాల గది, వాలుదారి సరిగా ఉండాలంటే కొలతలు కావాలి: ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవైన వాలు, కుర్చీ తిరగడానికి సుమారు 150 సెంటీమీటర్ల ఖాళీ అన్నవి విస్తృతంగా పాటించే ప్రమాణాలు. ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు చేసుకునేలా తర్ఫీదు ఇచ్చే నిపుణుడు, ఇంటికి వచ్చి చూసి రాసిన నివేదిక ఇక్కడ వైద్యుడి సర్టిఫికెట్ కంటే ఎక్కువ పనికివస్తుంది.

సంపాదన నష్టంలో ‘రెండేళ్ల జీతం’ అన్న మాటకు ఏ ఆధారమూ లేదు. వైకల్య శాతం వేరు, సంపాదించే శక్తి కోల్పోయిన శాతం వేరు. భారత సుప్రీంకోర్టు 2010 అక్టోబరులో ఇచ్చిన ఒక తీర్పులో దీన్ని చక్కగా వివరించింది: ఎడమచెయ్యి పోయిన వ్యక్తి డ్రైవరో వడ్రంగో అయితే అతని సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టే, అదే అతను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా అయితే ఉద్యోగం నిలిచే అవకాశం ఉంది. మీ తమ్ముడు ఏ పని చేసేవాడో మీరు రాయలేదు. కంప్యూటర్ మీద చేసే పని అయితే తిరిగి చేరవచ్చని ఎదుటిపక్షం అంటుంది. అప్పుడు రోజులో ఎన్ని గంటలు సంరక్షణకే పోతున్నాయో రాసిన ఆ నోటుపుస్తకమే మళ్లీ మీకు సాక్ష్యం. అతను తిరిగి పనిలో చేరాలనుకుంటే దాన్ని దాచవలసిన అవసరం లేదు. శిక్షణకూ, మార్పులు చేసిన వాహనానికీ, ప్రత్యేక పరికరాలకూ అయ్యే ఖర్చును కోరవచ్చు.

ఏడాది ఖర్చు తేలాక దాన్ని ఎన్ని రెట్లు చేయాలన్నది తర్వాతి ప్రశ్న, పెద్ద మొత్తాలు చేతులు మారేది ఇక్కడే. రేపు రావలసిన సొమ్ము ఈ రోజే ఇస్తే దాని మీద రాబడి వస్తుంది కాబట్టి కొంత తగ్గించాలన్నది వాదన. ఇంగ్లండ్‌లో ఆ తగ్గింపు రేటు 2001లో 2.5 శాతం, 2017లో మైనస్ 0.75, 2019లో మైనస్ 0.25, 2025 జనవరి నుంచి 0.5 శాతం. ఏడాదికి వంద చొప్పున నలభై ఏళ్లు కావాలనుకోండి. 2.5 శాతం రేటుతో అది సుమారు 2,510 అవుతుంది, 0.5 శాతం రేటుతో సుమారు 3,617 అవుతుంది. మనిషి అదే, గాయం అదే, అవసరం అదే. ఒక్క రేటు మారడంతో మొత్తం దాదాపు సగం పెరిగింది. మీ దేశంలో పట్టిక ఉందో, గుణకం ఉందో, న్యాయమూర్తి విచక్షణ ఉందో తెలుసుకుని, సంరక్షకుల వేతనాలు సాధారణ ధరల కంటే వేగంగా పెరిగితే ఏమవుతుందని కూడా న్యాయవాదిని అడగండి.

ఈ చిక్కు వల్లనే కొన్ని దేశాలు ఒకేసారి ఇచ్చే మొత్తానికి బదులు జీవితాంతం ఏటేటా చెల్లించే పద్ధతిని ఎంచుకున్నాయి. జర్మనీ పౌరస్మృతి 843వ సెక్షన్ ప్రకారం సంపాదన నష్టానికీ, పెరిగిన అవసరాలకూ క్రమంతప్పని చెల్లింపే సాధారణ నియమం, తగిన బలమైన కారణం ఉన్నప్పుడే ఏకమొత్తం. ఇంగ్లండ్ కోర్టులకు 2005 నుంచి అలాంటి చెల్లింపులను ఆదేశించే అధికారం ఉంది. 2008లో అక్కడి అప్పీలు కోర్టు, ఆ చెల్లింపులు మామూలు ధరల సూచీతో కాక సంరక్షకుల వేతనాల సూచీతో పెరిగేలా ఆదేశించవచ్చని నిర్ణయించింది. అలాంటి వీలు మీకు ఉంటే, కనీసం సంరక్షణ భాగానికైనా దాన్నే ఎంచుకోమని నా సలహా. దానికి ఇంకో కారణం ఉంది: ఏకమొత్తం లెక్కలో మీ తమ్ముడు ఎన్నేళ్లు బతుకుతాడన్నది వాదనగా మారుతుంది. ఎదుటిపక్షం వైద్యుడు తక్కువ ఏళ్లు చెబుతాడు, దాన్ని మీ తమ్ముడి ముందే చదువుతారు. ఏటేటా చెల్లించే పద్ధతిలో, బతికినన్నాళ్లు చెల్లించాలి కనుక ఆ వాదన చాలావరకు అక్కర్లేకుండా పోతుంది.

తప్పు ఎవరిదన్నది మీ కేసులో తేలికగానే కనిపిస్తోంది గానీ, తేలిపోయిందని అనుకోకండి. వెనుక నుంచి ఢీకొన్నా, సీటుబెల్టు పెట్టుకోలేదని మీ తమ్ముడి వాటా కొంత చూపుతారు. ఇంగ్లండ్‌లో 1975 నాటి తీర్పు ప్రకారం, బెల్టు ఉంటే గాయమే అయ్యేది కాదని తేలితే 25 శాతం, తగ్గేదని తేలితే 15 శాతం కోత పెడతారు. కాబట్టి వాహనాన్ని తుక్కుకు పంపకుండా ఆపండి. బెల్టు మీద పడిన గుర్తులు కూడా సాక్ష్యమే. సీసీ కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లోనో వారాల్లోనో చెరిగిపోతాయి, నాలుగు నెలలైంది కనుక పోలీసులు సేకరించారేమో ముందు అడగండి. ఇంకో విషయం: ప్రమాద స్థలంలో అతని కాళ్లు కదిలాయా, ఆసుపత్రికి చేరాక కదలిక పోయిందా అన్నది అంబులెన్సు రికార్డులోనూ, తొలి పరీక్ష కాగితంలోనూ పోల్చి చూడండి. తేడా కనిపిస్తే వైద్య నిర్లక్ష్యం కోణాన్ని వేరే నిపుణుడి చేత పరిశీలింపజేయాలి, దాని గడువు వేరుగా లెక్కించవలసి రావచ్చు. ప్రమాదం జరిగినప్పుడు అతను ఉద్యోగపు పని మీద ఉంటే, ఎవరి తప్పుతోనూ సంబంధం లేకుండా కార్మిక పరిహారం కూడా రావచ్చు.

బీమా సంస్థ తన వైద్యుడి చేత పరీక్ష చేయిస్తుంది, అది దాని హక్కు. ఆ రోజు మీ తమ్ముడు మామూలుగా ఉన్నట్టే ఉండాలి. తక్కువ చేసి చూపకూడదు, ధైర్యం కోసం ఎక్కువ చేసి కూడా చెప్పకూడదు. యువకులు ఈ రెండో తప్పు ఎక్కువగా చేస్తారు. ‘నేను చూసుకోగలను’ అని ఆత్మగౌరవంతో అన్న ఒక్క మాట నివేదికలో ‘స్వతంత్రంగా ఉండగలడు’ అని మారిపోతుంది. సామాజిక మాధ్యమాల్లో పెట్టే చిత్రాలు కూడా చూస్తారని గుర్తుంచుకోండి.

న్యాయవాదిని ఎంచుకునేటప్పుడు, ఇంతకుముందు వెన్నుపాము గాయాల కేసులు ఎన్ని నడిపారు, సంరక్షణ నిపుణుల నివేదిక తెప్పిస్తారా, రాత్రి సంరక్షణ ఎలా నిరూపిస్తారు అని అడగండి. మూడో ప్రశ్నకు తడుముకునేవారి దగ్గరకు వెళ్లకండి. ఫీజు ఒప్పందం రాతలో ఉండాలి. అమెరికాలో గెలిచిన సొమ్ములో వాటా తీసుకోవడం మామూలు, భారతదేశంలో న్యాయవాదులకు అది నిషిద్ధం. ప్రమాదమైన కొద్ది రోజులకే ఆసుపత్రి మంచం దగ్గరకు వచ్చి వకాలత్ కాగితం మీద సంతకం అడిగినవారు ఎవరైనా ఉంటే వారిని దూరం పెట్టండి.

ఇంటి ఖర్చులు ఆగవు, డబ్బు ఇప్పుడే కావాలి, కేసు తేలే వరకు ఎలా అన్న ఆందోళన మీ ఉత్తరంలో కనిపించింది. చాలా దేశాల్లో తప్పు ఒప్పుకున్న తర్వాత లేదా స్పష్టమైన తర్వాత, తుది పరిహారంలో సర్దుబాటు చేసే షరతుతో మధ్యంతర చెల్లింపు కోరవచ్చు. బీమా సంస్థకు మీ న్యాయవాది పంపే జవాబులో నాలుగు మాటలుంటే చాలు: వైద్య పరిస్థితి స్థిరపడనందున ప్రస్తుత ప్రతిపాదనను అంగీకరించడం లేదని, బాధ్యతను రాతపూర్వకంగా ఒప్పుకోమని, పునరావాసానికీ, ఇంటి మార్పులకూ, సంరక్షకులకూ ఇంత మధ్యంతర చెల్లింపు కావాలని, దానికి అంచనాలు జతచేస్తూ, ఏ హక్కునూ వదులుకోవడం లేదని. ఆ ఉత్తరం 30 రోజులు ముగిసేలోగా, అందినట్టు రసీదు వచ్చే పద్ధతిలో పంపండి. నోటుపుస్తకం మాత్రం ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి, మొదటి పేజీలో తేదీ వేసి, ఈ రాత్రి ఎవరు ఎన్ని గంటలకు లేచారో రాయండి.